అమ్మ ఆస్పత్రి బిల్లుకి కొడుకు సైకిలు తొక్కాలా?

ఈ మధ్య మన ఫోన్లకి ఒక రకం పోస్టరు తరచుగా వస్తోంది. కృత్రిమ కాలు బిగించుకున్న ఒక యువకుడు సైకిలు మీద ఉంటాడు. వెనక జాతీయ రహదారి. పక్కన ఇన్ని వందల కిలోమీటర్లు, ఇన్ని రోజులు అన్న లెక్క. కింద ఒక వాక్యం, అమ్మకి కేన్సర్ అనో నాన్నకి కిడ్నీలు పోయాయనో. ఆ కింద క్యూఆర్ కోడ్. పంపినవాళ్లు చేతులు జోడించిన బొమ్మ పెట్టి "స్ఫూర్తి" అని రాస్తారు. యూనివర్సిటీ గ్రూపుల్లో మనమూ ముందుకు పంపిస్తాం. నేనూ పంపాను.

అలాంటి పోస్టరు ఒకటి మా కుటుంబం గ్రూపులో వేస్తే ఖరగ్‌పూర్ నుండి మా పెద్దమ్మ వాయిస్ మెసేజ్ పెట్టింది. "పాపం, ఆ బాబుకి రైల్వే కార్డు లేదేటి?" అని. నవ్వుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. క్రీడాకారుడి పట్టుదల గురించి, తల్లి మీద ప్రేమ గురించి, సమాజం దాతృత్వం గురించి మనం మాట్లాడుతుంటే, బడి మొహం చూడని ఆ మనిషి ఒక్క మాటలో అసలు సంగతి అడిగింది. వైద్యం ఖర్చు ఎవరు భరించాలి? ఆ భరించాల్సినవాళ్లు ఎక్కడికి పోయారు?

పరిశోధకులకి ఖరగ్‌పూర్ అంటే ఐఐటీ. 1931లో నిరాయుధ ఖైదీల మీద కాల్పులు జరిగిన హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1951లో అది మొదలైంది. మాకు ఖరగ్‌పూర్ అంటే బీఎన్నార్, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. వర్క్‌షాపు, యార్డు, లైన్లు పడుతున్న కాలం నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పల్లెల జనం అదే రైలు పట్టుకుని ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. నింపురా, మథురాకాటి వీధుల్లో ఇప్పటికీ ఉత్తరాంధ్ర యాస వినపడుతుంది. తెలుగు బడి ఉంది, ఏటా మాతాపూజ ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే అందుకు ఖరగ్‌పూర్ ఓట్లే కారణం. ఇక ప్లాట్‌ఫారం. 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌ది తయారయ్యేదాకా ప్రపంచంలోకెల్లా పొడవైనది అదే. ఆ పొడవుని రోజూ చీపురుతో కొలిచినవాళ్లలో మా తాత ఒకడు.

మస్టరులో ఆయన పేరు పక్కన సఫాయివాలా అని ఉండేది. ఆ పని ఆయనకి ఏ కులం వల్ల వచ్చిందో ఇక్కడి పాఠకులకి విడమర్చి చెప్పనక్కర్లేదు. రైల్వేలో కులం ఎలా పనిచేస్తుందో 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అణగారిన వర్గాల రైల్వే కార్మికుల సభలో బాబాసాహెబ్ చెప్పారు. అంటరాని కార్మికుడు జీవితాంతం గ్యాంగ్‌మన్‌గా మిగిలిపోతాడు. పోర్టరు పని కూడా దక్కదు, ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో కూడా పని చేయాలి, అంటరానివాణ్ని ఆ గడప ఎక్కనివ్వరు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడికి శత్రువులేనని ఆయన ప్రకటించింది ఆ సభలోనే. మా తాత గడప ఎక్కలేదు. కానీ ఆయన చేతికి ఒక కార్డు వచ్చింది. ఆ కార్డు చూపిస్తే రైల్వే ఆస్పత్రిలో ఆయనకి, నాయనమ్మకి, పిల్లలకి చూసేవారు, మందులిచ్చేవారు, అవసరమైతే పై ఆస్పత్రికి పంపేవారు. చీపురు పట్టిన చేతికి అవమానం తప్పలేదు గానీ, జబ్బు చేస్తే చేయి చాచే పని మాత్రం లేదు. పెద్దమ్మ అడిగింది ఆ కార్డు గురించి.

చందాల కోసం చేసే సుదూర యాత్రలన్నిటికీ మూలపురుషుడని ప్రపంచం చెప్పుకునేది టెర్రీ ఫాక్స్‌ని. ఎముకల కేన్సరుతో 1977లో కుడికాలు పోగొట్టుకున్న ఈ కెనడా యువకుడు 1980 ఏప్రిల్ 12న దేశం తూర్పు కొస నుండి కృత్రిమ కాలితో పరుగు మొదలుపెట్టాడు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. కేన్సరు ఊపిరితిత్తులకి పాకడంతో ఆగాడు, 1981 జూన్‌లో చనిపోయాడు. ఈ కథ చెప్పేవాళ్లు ఒక వివరం వదిలేస్తుంటారు. ఆయన పరుగెత్తింది తన ఆస్పత్రి బిల్లు కోసం కాదు, కేన్సర్ పరిశోధన కోసం. బిల్లు కోసం పరుగెత్తాల్సిన అవసరం ఆయనకి లేదు. 1970ల మొదటికల్లా కెనడాలోని అన్ని రాష్ట్రాల్లో ప్రభుత్వ వైద్య బీమా అమల్లోకి వచ్చేసింది. అంతమంది కన్నీళ్లు పెట్టుకున్న ఆ పరుగు వెనక, ఎవరి కంటా పడని ఒక చట్టం ఉంది. మన పోస్టర్లలో పరుగు మాత్రం దిగుమతి అయింది, చట్టం కాలేదు.

మన దగ్గర కూడా చందా యాత్రలన్నీ ఒక తీరువి కావు. హైదరాబాదుకి చెందిన ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోయాక సైక్లిస్టు అయ్యారు, 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచారు, లండన్ నుండి పారిస్ దాకా తొక్కారు. తన పేరుతో పెట్టిన ఫౌండేషన్ ద్వారా మిగతా వికలాంగ క్రీడాకారుల శిక్షణకి, పరికరాలకి డబ్బు పోగు చేస్తున్నారు. 2020లో ఆ ఫౌండేషన్ వికలాంగ సైక్లిస్టులు కశ్మీర్ నుండి కన్యాకుమారి దాకా వెళ్లారు. ఇది ఒక సామూహిక ప్రయత్నం, గౌరవించాల్సిన పని. అయినా పోటీ సైకిలుకి పనికొచ్చే కృత్రిమ కాలు ప్రభుత్వ క్రీడా వ్యవస్థ ఎందుకు ఇవ్వలేకపోయింది అన్న ప్రశ్న ఆ యాత్ర వెంట కూడా సాగుతూనే ఉంటుంది.

తల్లిదండ్రుల కోసం తొక్కిన సైకిలు అంటే ఈ దేశం గుర్తుపెట్టుకోవాల్సింది జ్యోతి కుమారిని. 2020 మే నెల, లాక్‌డౌన్. 15 ఏళ్ల ఆ దళిత బాలిక ప్రమాదంలో గాయపడిన తండ్రి మోహన్ పాశ్వాన్‌ని వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుండి బిహార్‌లోని దర్భంగా జిల్లా దాకా దాదాపు 1200 కిలోమీటర్లు తొక్కింది. ఆయన ఈ-రిక్షా నడిపేవాడు. గాయంతో సంపాదన ఆగింది, అద్దె కట్టలేకపోయారు, రైళ్లు లేవు. ఆమె క్రీడాకారిణి కాదు, చందాలు అడగలేదు. ఇవాంకా ట్రంప్ దాన్ని ప్రేమకీ సహనానికీ అందమైన ఉదాహరణ అన్నట్టు ట్వీట్ చేసింది. సైక్లింగ్ ఫెడరేషన్ ట్రయల్‌కి పిలిచింది. 2021 జనవరిలో ప్రధానమంత్రి బాల పురస్కారం వచ్చింది. అదే ఏడాది మే ఆఖరులో తండ్రి గుండెపోటుతో చనిపోయాడు. రైళ్లు ఆపేసిన రాజ్యమే ఆ పిల్ల కాళ్ల బలానికి బహుమతి ఇచ్చింది. 'స్ఫూర్తి' అన్న మాట ఇంత నిర్దయగా వాడిన సందర్భం నాకు ఇంకొకటి గుర్తు రావడం లేదు.

వీల్‌చైర్ వాడే ఆస్ట్రేలియా రచయిత్రి స్టెల్లా యంగ్ 2014లో చేసిన ఒక ప్రసంగంలో ఈ రకం స్ఫూర్తిని ఉతికి ఆరేసింది. వికలాంగుల బొమ్మలు చూసి మిగతావాళ్లు "నా బతుకు నయం" అనుకోవడానికి వాటిని వాడుకుంటున్నారని ఆమె అన్నది. మన దగ్గర దీనికి ఇంకో పొర ఉంది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియోలో "దివ్యాంగ్" అన్న మాట తెచ్చారు. పేరులో దైవత్వం పెట్టి హక్కుల లెక్కని పక్కకి నెట్టడం మనకి కొత్త కాదు. "హరిజన్" అన్న మాటని చట్టంలోకి ఎక్కించబోతే 1938లో బొంబాయి శాసనసభ నుండి అంబేడ్కర్ పార్టీ సభ్యులు వాకౌట్ చేశారు. దేవుడి బిడ్డలకి దేవుడే దిక్కు, దివ్యమైన అవయవాలకి దాతలే దిక్కు. మాట తీరు అదే.

పోస్టర్లకి ఎక్కని ఒక యాత్ర గురించి చెప్తాను. మా చిన్నాన్న కొడుకు, నాకు అన్న. పోలియో వల్ల ఎడమకాలు సన్నం. కొన్నేళ్లు ఒక కాంట్రాక్టరు కింద బోగీలు కడిగాడు. జీతం చీటీలో ఈఎస్ఐ కోత కనపడేది, కార్డు ఎప్పుడూ చేతికి రాలేదు. అడిగితే వచ్చే నెల అన్నారు. టెండరు మారింది, కాంట్రాక్టరు మారాడు, కొత్తవాడికి పాత కోతలతో సంబంధం లేదట. ఈలోగా పిన్నికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి 2 సార్లు డయాలసిస్. డయాలసిస్ ఉచితమే. ఇంజెక్షన్లు, పరీక్షలు, పోయిన రోజు కూలి ఉచితం కావు. టోటోకి డబ్బులు లేని రోజు సైకిలు క్యారియర్ మీద దిండు కట్టి పిన్నిని కూర్చోబెట్టుకునేవాడు. రానురాను అన్నీ అలాంటి రోజులే అయ్యాయి. పోవడానికి 6 కిలోమీటర్లు, రావడానికి 6. ఈ వ్యాసం రాస్తూ లెక్క కట్టాను. ఏడాదికి 1248 కిలోమీటర్లు, ఇంచుమించు గురుగ్రామ్ నుండి దర్భంగా అంత. ఆ లెక్కన రెండేళ్లు తొక్కాడు. తర్వాత పిన్ని పోయింది. అన్నకి క్యూఆర్ కోడ్ ఎలా చేయాలో తెలియదు. తెలిసినా ఎవరికి పంపుతాడు? అతని ఫోనులో ఉన్న నంబర్లన్నీ అతనిలాంటివాళ్లవే.

ఈ చివరి సంగతిని మన సామాజిక శాస్త్రాలు ఇంకా సరిగ్గా పట్టించుకోలేదనిపిస్తుంది. ఆన్‌లైన్ విరాళం తటస్థమైనది అనుకుంటాం, అందరికీ అదే తెర, అదే మీట. 2021లో హైదరాబాదులో ఒక పసివాడికి 16 కోట్ల రూపాయల జన్యు చికిత్స మందు విరాళాలతోనే సమకూరింది. ఆ బిడ్డ బతకాలనే అందరం కోరుకున్నాం. కానీ విరాళం పరిచయాల వెంట నడుస్తుంది. పరిచయాలు బడి, ఉద్యోగం, పెళ్లి సంబంధాలు, అపార్ట్‌మెంట్ల వెంట నడుస్తాయి. అంటే కులం వెంట. ఆస్తిలో వాటా లేనివాడికి డబ్బున్న స్నేహితుల్లోనూ వాటా ఉండదు.

పైగా ఇందులో వికలాంగుడి స్థానం చూడండి. చట్టం అతన్ని సాయం పొందేవాడిగా చూస్తుంది, పోస్టరు అతన్ని వీరుడిగా చూస్తుంది. ముసలి తల్లిని చూసుకోవాల్సిన, సంపాదించి ఇల్లు గడపాల్సిన మామూలు కొడుకుగా, కూతురిగా ఎవరూ చూడరు. వాస్తవంలో మన ఇళ్లలో ఆ బరువు మోస్తున్నది వాళ్లే. వరంగల్ జిల్లా కల్లెడకి చెందిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్లలో కాంస్యం గెలిచింది. ఊళ్లో ఎగతాళి పడ్డ ఆ కూలీల బిడ్డే తర్వాత బహుమతి డబ్బుతో, కష్టకాలంలో అమ్ముకున్న పొలాన్ని ఇంటికి తిరిగి తెచ్చింది. తమిళనాడు సేలం జిల్లాకి చెందిన మారియప్పన్ తంగవేలుకి 5 ఏళ్ల వయసులో బస్సు కింద కాలు నలిగింది. కూరగాయలు అమ్మే తల్లి వైద్యానికి చేసిన 3 లక్షల అప్పు, అతను 2016 రియోలో స్వర్ణం గెలిచేనాటికి కూడా తీరలేదు. అప్పు తీరాలంటే పతకం రావాలి. పతకం రాని మిగతా పిల్లల అప్పులు ఏమవుతాయో ఏ పత్రికా రాయదు.

ఇక కార్డు ఎక్కడికి పోయిందో చూద్దాం. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ఉద్యోగాన్నే టెండరుగా మార్చారు. బోగీలు, ప్లాట్‌ఫారాలు శుభ్రం చేసే పని రైల్వేల్లో ముక్కలు ముక్కలుగా కాంట్రాక్టుకి పోయింది. చీపురు అదే, పట్టాలు అవే, చాలాచోట్ల కులం కూడా అదే. పట్టాల మీద మలం ఎత్తే పని ఆపడానికి గడువు పెట్టుకుని పనిచేయమని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు రైల్వేకి చెప్పింది. ఆ కేసు నడిపింది సఫాయి కర్మచారీ ఆందోళన్. దాని నాయకుడు బెజవాడ విల్సన్ కూడా కోలార్ బంగారు గనులకి వలసపోయిన తెలుగు దళిత కుటుంబం బిడ్డే. ఆ గనుల్లో, ఈ పట్టాల మీద ఒకే కథ.

కాంట్రాక్టరుకి రిజర్వేషన్ వర్తించదు. అందువల్ల ఒక్క టెండరుతో మూడు పోయాయి. ఎస్సీలకి ఉన్న 15 శాతం పోయింది, వికలాంగుల హక్కుల చట్టం 2016 ఇచ్చిన 4 శాతం పోయింది, కుటుంబానికంతటికీ వైద్యం ఇచ్చే కార్డు పోయింది. మా అన్న దళితుడు, వికలాంగుడు, రోగి అయిన తల్లి ఉన్న కొడుకు. మూడు వైపుల నుండీ అతనికి తగలాల్సిన హక్కు ఒకే సంతకంతో తప్పిపోయింది. మిగిలింది క్యూఆర్ కోడ్.

చట్టం లేదనడానికి వీల్లేదు. అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్న కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని బి.పి. అడార్కర్‌కి అప్పగించారు. 1944లో నివేదిక వచ్చింది, 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. కార్మికుడి మీద ఆధారపడిన తల్లిదండ్రులు కూడా అందులో కుటుంబమే. కాంట్రాక్టరు చందా కట్టకపోతే అసలు యజమానే ముందు కట్టాలని ఆ చట్టం 40వ సెక్షన్ చెప్పింది. ఏ పథకం కిందకీ రాని వికలాంగులకి సమగ్ర బీమా కల్పించాలని 2016 చట్టం 24వ సెక్షన్ చెప్పింది. రాజ్యాంగం 41వ అధికరణ వృద్ధాప్యం, జబ్బు, అంగవైకల్యం మూడింటినీ ఒకే వాక్యంలో పెట్టి, అలాంటప్పుడు ప్రభుత్వం ఆదుకోవాలంది. సైకిలు యాత్ర పోస్టరులో ఉన్నవి కూడా ఆ మూడే.

ప్రభుత్వ బీమా పథకాలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. జనం వైద్యానికి జేబులోంచి పెట్టే ఖర్చు దేశం మొత్తం ఆరోగ్య వ్యయంలో 2013-14లో 64.2 శాతం ఉండగా 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని కేంద్రం లెక్కలు చెబుతున్నాయి. తగ్గడం మంచిదే. కానీ ఇవి ప్రధానంగా ఆస్పత్రిలో చేరినప్పటి ఖర్చులకి. ఏళ్ల తరబడి సాగే జబ్బుకి మందుల షాపే అసలు ఆస్పత్రి. రాష్ట్రం సరిహద్దు గొడవ వేరే ఉంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదట మొదలైన 3 జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. అదే జిల్లా నుండి ఖరగ్‌పూర్ వచ్చిన మాకు ఆంధ్ర రేషన్ కార్డు లేదు, ఆరోగ్యశ్రీ లేదు. బెంగాల్‌లో 2016లో మొదలైన స్వాస్థ్య సాథీ రూపకల్పన నిజానికి మెరుగు. ఇంటి పెద్ద మహిళ పేరు మీద కార్డు, ఇద్దరి వైపు తల్లిదండ్రులకీ చోటు, ఇంట్లోని వికలాంగులకీ చోటు. దాన్ని మెచ్చుకుంటూనే అడగాలి. చికిత్స కోసం విశాఖకో వెల్లూరుకో రైలెక్కినప్పుడు ఏ కార్డు ఎంతవరకు పనిచేస్తుందో చదువుకున్న నేనే మూడు ఆఫీసులు తిరిగి తెలుసుకోవాల్సి వచ్చింది. కుల ధ్రువీకరణదీ అదే తంతు. పుట్టిన రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలసపోయిన రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది బొంబాయిలో మెడికల్ సీటు అడిగిన ఒక తెలుగు గిరిజన విద్యార్థి కేసు. అంటరానితనానికి లేని సరిహద్దు దాని పరిహారానికి మాత్రం ఉంది.

2023 జూన్ 2న కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగిన బహానగా బజార్ మా ఖరగ్‌పూర్ డివిజన్‌లోనిదే. 290 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది జనరల్ బోగీల్లో దక్షిణాదికి కూలికి పోతున్నవాళ్లు. కాళ్లూ చేతులూ పోయినవాళ్లున్నారు. రైల్వే ప్రకటించిన ఎక్స్‌గ్రేషియా మృతులకి 10 లక్షలు, తీవ్రంగా గాయపడ్డవారికి 2 లక్షలు. ఎక్స్‌గ్రేషియా అనేది లాటిన్ మాట, దయతో ఇచ్చేది అని అర్థం. హక్కుగా రావాల్సిన పరిహారానికి వేరే ట్రిబ్యునల్, వేరే దరఖాస్తు. చేయి పోయినవాడు ఆ ఫారం నింపాలి. వాళ్లలో ఎవరైనా రేపు కృత్రిమ కాలుతో సైకిలెక్కి తల్లి వైద్యానికి చందాలు అడిగితే, మనం మళ్లీ చేతులు జోడించిన బొమ్మ పెడతామా?

తొక్కేవాళ్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. తల్లి మంచం మీద ఉంటే ఎవరు ఏం చేయగలరో అది చేస్తారు. డబ్బు పంపండి కూడా. కానీ పరిశోధక విద్యార్థులుగా మనం చేయగలిగిన పనులు ఇంకొన్ని ఉన్నాయి. మీ క్యాంపస్ ఊడ్చే అక్క జీతం చీటీ అడిగి చూడండి, ఈఎస్ఐ కోత ఉందా, ఉంటే నంబరు ఉందా. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల దరఖాస్తు పెట్టి, అసలు యజమాని ఎంత కట్టాడో అడగండి. ఇది రైల్వేకి ఎంత వర్తిస్తుందో మన యూనివర్సిటీలకీ అంతే వర్తిస్తుంది. అంబేడ్కర్ విద్యార్థి సంఘాలు ఫెలోషిప్ కోసం చేసినంత గట్టిగా, కాంట్రాక్టు కార్మికుల మెడికల్ కార్డు కోసం ఎందుకు చేయలేదో నాకు నేనే జవాబు చెప్పుకోలేకపోతున్నాను. ఆ కార్మికుల్లో సగం మంది మన చుట్టాలే.

పెద్దమ్మకి నేను జవాబు పంపలేదు. ఆమె ఊరుకోలేదు. పెదనాన్న పోయాక వచ్చే కుటుంబ పింఛనులోంచి పక్కింటి కుర్రాడి ఫోనుతో ఆ క్యూఆర్ కోడ్‌కి 200 రూపాయలు పంపించిందట. పంపాక మళ్లీ ఒక వాయిస్ మెసేజ్. "కార్డు సంగతి ఎవులైనా కనుక్కున్నారేటి?"